నీళ్లలో రంగు పోయిందా, విరిగిందా?

మొక్కల కషాయంతో నానో కణాలు (కంటికి కనిపించనంత సన్నటి కణాలు) చేసి, వాటితో అద్దకం రంగుల్ని నీళ్లలోంచి తొలగించడం గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బత్తాయి తొక్కల కషాయంతో వెండి నానో కణాలు చేస్తున్నాను. సిల్వర్ నైట్రేట్ కలిపితే గోధుమ రంగు రావాలి కదా, నాకు పాలలాగా తెల్లగా వచ్చింది. కాసేపటికి ఊదా, ఆ తర్వాత బూడిద రంగుకు తిరిగింది. కషాయంలో లోపమా? అమ్మోనియా చుక్కలు వేస్తే సర్దుకుంటుందని సీనియర్లు అంటున్నారు. — ఎం.ఎస్సీ. విద్యార్థిని, నల్గొండ

జవాబు: కషాయాన్ని అనుమానించే ముందు నీళ్లను చూడండి. మీకు వచ్చిన తెలుపు సిల్వర్ క్లోరైడ్. వెలుతురు తగిలితే అది ఊదాగా, బూడిదగా మారుతుంది. తొక్కల్ని బోరు నీళ్లతో మరిగించి ఉంటారు, లేదా బీకర్లను బోరు నీళ్లతో కడిగి తడిగానే వాడి ఉంటారు. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న నీళ్లంటే తాగేవాళ్లకు రుచి తేడా కూడా తెలియదు. కానీ అది 2.8 మిల్లీమోలార్ (లీటరులో మోల్‌కు వెయ్యోవంతుల లెక్క). మీరు వాడే వెండి 1 మిల్లీమోలార్ మాత్రమే. ద్రావణాన్ని కూడా ఆ నీళ్లతోనే చేసి ఉంటే వెండి దాదాపు మొత్తం తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. మన జిల్లా నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఇక్కడ దాని తప్పేమీ లేదు. సిల్వర్ ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది.

పరీక్ష సులువే. నీళ్లు 5 మి.లీ. తీసుకుని రెండు చుక్కల సజల నైట్రిక్ ఆమ్లం, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. మసక కమ్మితే ఆ నీళ్లు పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా మూత తీసిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయడం మంచిది. ఆ పేరుతో అమ్మే నీళ్లన్నీ ఒకటి కావు.

ఇక పద్ధతి. తాజా బత్తాయి తొక్క 10 గ్రాములు తీసుకోండి. లోపలి తెల్లటి మెత్తటి పొర గీకేయండి, అందులోని పెక్టిన్ వడపోత కాగితాన్ని మూసేస్తుంది. సన్నగా తరిగి 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 70–80 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచండి. కళపెళా మరిగించొద్దు. చల్లారాక ముందు గుడ్డతో, తర్వాత వాట్‌మన్ 1 కాగితంతో వడగట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి. బూజు పట్టిన కషాయంతో వచ్చిన ఫలితం మళ్లీ రాదు.

సిల్వర్ నైట్రేట్ 17 మిల్లీగ్రాములు 100 మి.లీ.లో కరిగిస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. ఇంత తక్కువ తూకం చాలా త్రాసుల మీద నమ్మకంగా రాదు. కాబట్టి 170 మిల్లీగ్రాములతో 100 మి.లీ. చేసి, అందులోంచి పదోవంతు తీసి పలచన చేసుకోండి. ముదురు గోధుమ రంగు సీసాలో ఉంచండి. ఈ ద్రావణం 90 మి.లీ.కు కషాయం 10 మి.లీ. కలపాలి. బత్తాయి కషాయం పులుపు. ఆమ్ల స్థితిలో వెండి క్షయకరణం (ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా మారడం) నత్తనడక నడుస్తుంది. అందుకని కషాయం పీహెచ్‌ను ముందే సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో 8 దగ్గరికి తెచ్చి అప్పుడు కలపండి. వెండి ద్రావణంలో నేరుగా క్షారం వేస్తే గోధుమ రంగు సిల్వర్ ఆక్సైడ్ దిగుతుంది. దాన్నే నానో కణాలనుకుని మురిసిపోయేవారూ ఉన్నారు.

సరిగ్గా నడిస్తే లేత పసుపు, తేనె రంగు, ముదురు గోధుమ రంగు వరుసగా వస్తాయి. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ఏ వెలుతురును ఎంత పీల్చుకుందో కొలిచే పరికరం) శిఖరం 400–450 నానోమీటర్ల మధ్య ఉండాలి. బ్లాంకుగా, అంటే పోలికకు పెట్టే నమూనాగా, వట్టి నీళ్లు పెట్టొద్దు. అదే కషాయాన్ని అదే పాళ్లలో పలచన చేసి పెట్టండి, ఎందుకంటే కషాయానికి తనదైన రంగు ఉంది. శిఖరం వెడల్పుగా సాగి 500 దాటితే కణాలు పెద్దవయ్యాయని, లేదా ఒకదానికొకటి అంటుకున్నాయని అర్థం. అప్పుడు కషాయం పాలు కాస్త పెంచి చూడండి.

అమ్మోనియా సలహా మాత్రం పక్కన పెట్టండి. తెలుపు కరిగే మాట నిజమే గానీ, అమ్మోనియా కలిసిన వెండి ద్రావణం నిల్వ ఉంటే పేలే గుణమున్న పదార్థం ఏర్పడుతుంది. తెల్లబడిన ద్రావణాన్ని సింకులో పోయకండి. ఇంకాస్త ఉప్పు నీళ్లు కలిపి మిగిలిన వెండిని కూడా దింపి, మడ్డిని వేరే సీసాలో దాచండి.

ప్రశ్న: తంగేడు ఆకుతో చేసిన వెండి కణాలు, సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే మిథిలీన్ బ్లూ ఎనిమిది నిమిషాల్లో తెల్లబడింది. ప్రాజెక్టు రిపోర్టులో ‘98 శాతం విచ్ఛిన్నం’ అని రాశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ‘విచ్ఛిన్నమైందని నీకెలా తెలుసు?’ అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఏం చెప్పాల్సింది? — విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అచ్చయిన పత్రాల్లో కూడా చాలాచోట్ల దీనికి జవాబు ఉండదు.

మన అద్దకం ఇళ్లలో వ్యాట్ రంగు (మామూలుగా నీళ్లలో కరగని రంగు) కరిగించడం చూశారా? కాస్టిక్ సోడా, హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్) వేయగానే రంగు తన అసలు ఛాయ వదిలేస్తుంది. నూలు ముంచి పైకి తీసి గాలికి ఆరేస్తే అసలు రంగు తిరిగొస్తుంది. రంగు అణువు ఎక్కడికీ పోలేదు, హైడ్రోస్ ఇచ్చిన ఎలక్ట్రాన్లు తీసుకుని రూపం మార్చుకుంది, అంతే. మీ బీకరులో జరిగిందీ అదే. హైడ్రోస్ స్థానంలో బోరోహైడ్రైడ్ ఉంది. మిథిలీన్ బ్లూ క్షయకరణం చెంది ల్యూకో మిథిలీన్ బ్లూ అయింది. దానికి రంగు లేదు గానీ మూడు వలయాల అణువు చెక్కుచెదరలేదు. వెండి కణాలు బోరోహైడ్రైడ్ నుంచి రంగుకు ఎలక్ట్రాన్లు చేరవేసి పని త్వరగా తెమిలేలా చేశాయి. ఉత్ప్రేరకంగా అది నిజమైన పనే, కాదనడం లేదు. దాన్ని విచ్ఛిన్నం అనడమే తప్పు.

రుజువు కావాలంటే తెల్లబడిన ద్రావణాన్ని వెడల్పు బీకరులో పోసి, కిటికీ దగ్గర, మంట లేని చోట, సజల ఆమ్లాన్ని చుక్క చుక్కగా వేయండి. మిగిలిన బోరోహైడ్రైడ్ హైడ్రోజన్ బుడగలుగా పోతుంది. బుడగలు ఆగాక చేపల తొట్టి పంపుతో అరగంట గాలి ఊదండి. నీలం తిరిగొస్తే మీ 98 శాతం ఏమిటో మీకే తెలుస్తుంది.

లెక్క కూడా చూడండి. లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ అంటే 0.03 మిల్లీమోలార్. మామూలుగా వాడే బోరోహైడ్రైడ్ (38 మిల్లీగ్రాములు 10 మి.లీ. చల్లటి నీళ్లలో అప్పటికప్పుడు కరిగించింది) ఒక వంతును తొమ్మిది వంతుల రంగునీళ్లలో కలిపితే 10 మిల్లీమోలార్. రంగు కంటే మూడు వందల రెట్లకు పైగా! కాలువ నీళ్లలో అంత బోరోహైడ్రైడ్ పోయడం ఎవరూ ఊహించరు. దీన్ని నీటి శుద్ధి అనడం మాకు సమ్మతం కాదు. ‘వెండి కణాల ఉత్ప్రేరక సామర్థ్యానికి నమూనా చర్య’ అని రాస్తే సరిపోతుంది.

ఆజో రంగుల (రెండు నత్రజని పరమాణువుల జంట ఉన్నవి) సంగతి ఇంకో రకం. మిథైల్ ఆరెంజ్, కాంగో రెడ్ లాంటివి క్షయకరణంలో నత్రజని జంట దగ్గర తెగుతాయి. గాలి ఊదినా రంగు తిరిగి రాదు. తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమీన్లు. కాంగో రెడ్ నుంచి వచ్చేది బెంజిడీన్, అది క్యాన్సర్ కారకం. అంటే నీళ్లు తేటపడ్డాయి, విషం పెరిగింది.

విచ్ఛిన్నం అనే మాట రాయాలంటే కర్బనం తగ్గినట్టు చూపాలి. మొత్తం సేంద్రియ కర్బనం కొలిచే యంత్రం మీ కాలేజీలో లేకపోతే సీఓడీ (నీళ్లలోని పదార్థాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) అయినా చేయండి. అదీ కుదరకపోతే స్పెక్ట్రాన్ని 664 నానోమీటర్ల దగ్గర ఒక్క చుక్కగా కాకుండా 200 నుంచి 800 దాకా గీయండి. 664 శిఖరం పడిపోయి 250–260 ప్రాంతంలో కొత్తది లేస్తే ల్యూకో రూపం వచ్చినట్టు. శిఖరం ఎడమవైపు జరుగుతూ తగ్గితే మిథైల్ గుంపులు ఒక్కొక్కటే ఊడుతున్నట్టు.

ప్రశ్న: మాది కొయ్యలగూడెం. మగ్గం పనితోటి అద్దకం గూడ మేమే చేసుకుంటం. టబ్బులల్ల మిగిలిన రంగునీళ్లు మోరీల పారబోసుడైతుంది. ఆకుపసరుతోని చేసిన నానో పొడి ఏస్తే ఎండకు రంగంత ఇరిగి తేటనీళ్లయితయని ఫోన్ల చూసినం. గా పొడి యాడ దొరుకుతది? టబ్బుకు ఎంత ఎయ్యాలె? — చేనేత కార్మికుడు

జవాబు: ఆ పొడి కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. ఫోన్లో చూపించింది గ్లాసెడు లేత నీలం నీళ్ల మీద. మీ టబ్బులో నీళ్లు చిక్కగా ఉంటాయి, ఎండ పైపైనే ఆగిపోతుంది, లోపలికి దిగదు. పైగా రియాక్టివ్ రంగుల (నూలుతో రసాయనికంగా కలిసిపోయేవి) టబ్బులో ఉప్పు, సోడా బోలెడుంటాయి. ఎండకు పొడి పుట్టించే చురుకైన కణాలను రంగు కంటే ముందు అవే మింగేస్తాయి. వంద లీటర్లకు వంద గ్రాముల దాకా పొడి పడుతుంది. ఆ పొడి ఎక్కువగా జింక్ ఆక్సైడే; అది తిరిగి చేతికి రాక, జింకుతో సహా మోరీలోకే పోతుంది.

మీ చేతిలో ఉన్న దారి ఇది. మొదట, నీళ్లు కలపొద్దు. చిక్కటి రంగు టబ్బు నీళ్లు, మొదటి జాడింపు ఒక తొట్టిలోకి, చివరి జాడింపులు ఇంకో తొట్టిలోకి. చివరివి మరుసటి అద్దకంలో తొలి జాడింపుకు పనికొస్తాయి.

చిక్కటి నీళ్లలో వ్యాట్, నాఫ్తాల్ రంగులైతే సగం పని సులువు. ఒక పూట గాలికి వదిలేసి అప్పుడప్పుడు కలిపితే హైడ్రోస్ ప్రభావం పోయి వ్యాట్ రంగు మళ్లీ నీళ్లలో కరగని నలుసుగా మారుతుంది. తర్వాత పటిక. వంద గ్రాముల పటిక లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకోండి. దాని ఒక్కో మి.లీ.లో వంద మిల్లీగ్రాములుంటుంది. ఐదు సీసాల్లో ఒక్కో లీటరు రంగునీళ్లు పోసి 1, 2, 3, 4, 5 మి.లీ. చొప్పున వేసి, ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి గంట వదిలేయండి. ఏ సీసా బాగా తేరితే ఆ లెక్క టబ్బుకు. పటిక వేశాక పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉంటేనే మడ్డి గట్టిగా దిగుతుంది. పీహెచ్ కాగితం పొత్తం కొనిపెట్టుకోండి. కాస్టిక్ ఎక్కువున్న నీళ్లలో పటిక ఎంత పోసినా కరిగిపోతుంది, అప్పుడు కొంచెం ఆమ్లం పడుతుంది. సల్ఫర్ రంగులు వాడిన టబ్బులో మాత్రం పటికగానీ ఆమ్లంగానీ వేయొద్దు, కుళ్లిన గుడ్డు వాసనతో విషవాయువు లేస్తుంది. హైడ్రోస్ తాజాగా ఉన్నప్పుడు ఆమ్లం పోసినా ఘాటు పొగ వస్తుంది.

రియాక్టివ్ రంగులు పూర్తిగా కరిగి ఉంటాయి, పటికకు అంతగా లొంగవు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), సున్నం కలిపి ఇదే సీసాల పద్ధతిలో చూడండి. మడ్డి ఎక్కువొస్తుంది గానీ రంగు బాగా దిగుతుంది. ఏ మడ్డినైనా పొలంలో వేయొద్దు, సిమెంటు గచ్చు మీద ఆరబెట్టి సంచిలో దాచాలి. ఉప్పు మాత్రం వీటిలో దేనితోనూ పోదు. అందుకే తేటపడ్డ నీళ్లని చేనుకు పారించొద్దు.

అసలు నీళ్లలోకి పోయే రంగును తగ్గించుకోవడం ఇంకా లాభం. రియాక్టివ్ రంగులో నూలుకు అంటకుండా సుమారు 20–40 శాతం వృథా పోతుంది. ఉప్పుతో రంగు నూలులోకి ఎక్కాకే సోడా వేయాలి. ముందే వేస్తే రంగు నీళ్లతోనే కలిసి చచ్చుబడుతుంది. డబ్బా మూత వదులైతే, తేమకు ‘కోల్డ్ బ్రాండ్’ పొడి పెట్టెలోనే పాడవుతుంది.

ప్రశ్న: మా విద్యార్థులు తంగేడు పూల కషాయంతో జింక్ ఆక్సైడ్ చేశారు. పొడి లేత గోధుమ రంగులో వచ్చింది. ఎండలో మిథిలీన్ బ్లూ 85 శాతం తగ్గింది, కానీ నీడలో పెట్టిన బీకరులో కూడా చాలా తగ్గిపోయింది. ఎందుకు? — రసాయనశాస్త్ర అధ్యాపకుడు, వనపర్తి

జవాబు: మీ రెండు లక్షణాలకీ కారణం ఒకటే. పొడిలో కాలని కర్బనం మిగిలింది. గోధుమ రంగు దానిదే, చీకట్లో రంగును పీల్చుకున్నదీ అదే.

జింక్ అసిటేట్ డైహైడ్రేట్ 4.39 గ్రాములు 150 మి.లీ.లో కరిగించి, 50 మి.లీ. కషాయం కలిపి, 60–70 డిగ్రీల దగ్గర తిప్పుతూ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా పీహెచ్ 10 దాకా వేయాలి. ఇంకా పైకి, 12 దాటిస్తే దిగిన జింకే జింకేట్‌గా కరగడం మొదలవుతుంది. రెండు గంటల తర్వాత మడ్డిని నాలుగుసార్లు నీళ్లతో, ఒకసారి ఇథనాల్‌తో కడిగి, 100 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, మెత్తగా నూరి, మఫుల్ ఫర్నేస్‌లో (ప్రయోగశాల విద్యుత్ కొలిమి) 450 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. మూసలో పొడి పలచగా పరిచి, మూత ఓరగా పెట్టండి. గాలి ఆడకపోతే కర్బనం కాలదు. బయటికి తీసినప్పుడు పసుపుగా కనిపిస్తే కంగారు పడొద్దు, వేడి జింక్ ఆక్సైడ్ రంగు అది, చల్లారితే తెల్లబడుతుంది. చల్లారాక కూడా గోధుమగానే ఉంటేనే తేడా. ఈ కొలతకు రావాల్సింది 1.63 గ్రాములు. రెండు గ్రాములు దాటితే సంతోషించకండి, కడగడమో కాల్చడమో చాల్లేదని. తక్కువ వస్తే కడుగుడులో పోయింది.

చాలా రిపోర్టుల్లో ‘కషాయం జింకును క్షయకరణం చేసింది’ అని రాస్తున్నారు. జింక్ అసిటేట్‌లోనూ జింక్ ఆక్సైడ్‌లోనూ జింకు ఆక్సీకరణ స్థితి మారకుండా +2గానే ఉంటుంది. ఇక్కడ దింపింది సోడియం హైడ్రాక్సైడ్. కషాయం చేసేది కణాల సైజునీ ఆకారాన్నీ అదుపు చేయడం. కషాయం లేకుండా అదే పద్ధతిలో ఇంకో మోతాదు చేసి పక్కన పెట్టి పోల్చకపోతే, తంగేడు పువ్వు ఏం చేసిందో చెప్పడానికి ఆధారమే ఉండదు.

ఇప్పుడు మీ 85 శాతం. లీటరుకు 10 మిల్లీగ్రాముల ద్రావణం చీకట్లో 3కి పడి, ఎండలో గంట తర్వాత 1.5కి వచ్చిందనుకుందాం. మొత్తం 85 శాతమే. కానీ ఎండ చేసిన పని 3 నుంచి 1.5 వరకే, అంటే సగం. చర్యా వేగాన్ని కూడా 3 నుంచే లెక్కేయాలి: నిమిషానికి 0.0116. 10 నుంచి లెక్కేస్తే 0.032 వచ్చి, పొడి చీకట్లో పీల్చుకున్న ఘనతను కూడా ఎండకు కట్టబెడుతుంది. చీకట్లో కనీసం అరగంట తిప్పండి. వరుసగా రెండు నమూనాలు ఒకేలా వచ్చేదాకా ఆగి అప్పుడు ఎండలో పెట్టండి. పొడి లేకుండా ఎండలో ఒక బీకరు తప్పనిసరి, మిథిలీన్ బ్లూ తనంతట తానే ఎండకు కొంత వెలిసిపోతుంది.

100 మి.లీ.కు 50–100 మిల్లీగ్రాముల పొడి చాలు, ఎక్కువైతే పొడే ఎండకు అడ్డం. పాలమూరు ఎండకి బీకరులో నీళ్లు ఆవిరై రంగు చిక్కబడుతుంది. మట్టం గీత గీసి డిస్టిల్డ్ వాటర్‌తో నింపుతూ ఉండండి, బీకర్లను నీళ్ల పళ్లెంలో నిలపండి. నమూనాని సెంట్రిఫ్యూజ్ చేయకుండా చదివితే మిగిలిన నలుసు వెలుతురును చెదరగొట్టి రంగున్నట్టు చూపిస్తుంది. 800 నానోమీటర్ల దగ్గర రీడింగ్ సున్నాకు రాకపోతే ఇంకా నలుసు ఉన్నట్టే. 10 మిల్లీగ్రాముల ద్రావణం శోషణ 2 దాటుతుంది, సాధారణ పరికరాలు అక్కడ నమ్మదగ్గవి కావు. సగానికి పలచన చేసి చదవండి.

పీహెచ్ 6 కంటే తగ్గనివ్వకండి, జింక్ ఆక్సైడ్ కరుగుతుంది. చివర్లో నీళ్లలో జింక్ ఎంతుందో కొలిపించండి. చెరువులు, వాగుల్లోకి వదిలే వ్యర్థజలాలకు మన దేశంలో పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు.

ప్రశ్న: వాడేసిన టీ పొడి కషాయం, ఫెర్రస్ సల్ఫేట్‌తో ఇనుప కణాలు చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రంగు తీసేశాం. రంగు పోయింది గానీ సీఓడీ మొదటికంటే పెరిగింది. — మిర్యాలగూడ

జవాబు: రెండు చోట్ల చూడండి. మిగిలిపోయిన పెరాక్సైడ్ సీఓడీ పరీక్షలో డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. ఒక మిల్లీగ్రాము పెరాక్సైడ్ 0.47 మిల్లీగ్రాముల సీఓడీగా కనిపిస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాములు మిగిలితే 235 అబద్ధపు సీఓడీ. చర్య అయ్యాక పీహెచ్‌ను 9–10కి పెంచి, 50–60 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి, దిగిన ఇనుమును వడగట్టి, పెరాక్సైడ్ పట్టీ ఏమీ చూపనప్పుడే సీఓడీకి తీయండి. రెండోది టీ కషాయమే. దాని టానిన్లూ సేంద్రియ పదార్థమే కదా. రంగు వేయకుండా కణాలు మాత్రమే వేసిన బ్లాంకు సీఓడీ తీసి తగ్గించుకోండి, కణాల్ని వాడేముందు రెండుమూడుసార్లు కడగండి.

ఇంకోటి, కలపగానే నల్లబడింది కాబట్టి ఇనుప నానో కణాలు వచ్చాయనుకోవద్దు. ఇనుము, టానిన్ కలిస్తే సిరా నలుపు ఎలాగూ వస్తుంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష) లోహపు ఇనుము గీత లేకపోతే ‘ఇనుము–పాలీఫినాల్ కణాలు’ అని రాయడమే నిజాయితీ. పెరాక్సైడ్‌తో పని చేయడానికి అది అడ్డు కాదు, పీహెచ్ 3 దగ్గర ఉంచితే చాలు.

ప్రశ్న: ఈ కణాలు ఎండలో రంగుల్ని విరగ్గొడతాయి కదా, మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ని కూడా పోగొడతాయా? — మర్రిగూడ

జవాబు: పోగొట్టవు. రంగు అంటే కర్బన అణువు, విరగడానికి బంధాలున్నాయి. ఫ్లోరైడ్ ఒక అయాన్, ఎండ దాన్ని విరగ్గొట్టలేదు. దాన్ని పట్టి బయటికి తీయాల్సిందే: యాక్టివేటెడ్ అల్యూమినా, ఆర్‌ఓ, లేదా నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన, మన జిల్లా పేరే పెట్టుకున్న నల్గొండ పద్ధతి. అందులో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, వడగడతారు. పటిక మోతాదు మీ నీళ్లలోని ఫ్లోరైడ్, క్షారత రెండింటి మీదా ఆధారపడుతుంది కాబట్టి ముందు నీళ్లు పరీక్ష చేయించండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా.